అయిదో నంబరు చేతులు

మూతల హాలులో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు, చంకలో అట్ట పుస్తకం. ఈ మూడూ లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. వచ్చి, ఏదో ఒక యంత్రం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. గంట కూర్చునేది, రెండు గంటలు కూర్చునేది. మాట్లాడేది కాదు. పనిచేసేవాళ్ళ మొహం వంక చూసేది కాదు. చేతులు మాత్రమే చూసేది. ఏ చెయ్యి ముందు లేస్తోంది, ఎక్కడ ఆగుతోంది, దేనికోసం తడుముకుంటోంది, ఏ వేలు ఊరికే అలిసిపోతోంది, ఇదంతా పుస్తకంలో గీతలుగా గీసుకునేది.

"జాతకం ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు ఆడవాళ్ళు, అరచెయ్యి చాపి.

"భుజం నొప్పి రాసిపెట్టి ఉంది," అనేది ఆమె, తల ఎత్తకుండా.

హాలులో రెండు వరసల్లో ఇరవై రెండు ప్రెస్సులు ఉండేవి. రేకు బిళ్ళను అచ్చులో పెట్టాలి. పెట్టి, చేతులు బయటికి తీసి, అటూ ఇటూ ఉన్న రెండు గుంజల మీది ఆకుపచ్చ బటన్లను రెండు చేతులతోనూ ఒకేసారి నొక్కాలి. అప్పుడు పైనుంచి దిమ్మె దిగి మూత తయారవుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే ఏ చెయ్యీ దిమ్మె కింద ఉండదు. ఆలోచన మంచిదే. కాని ఆ గుంజలు రెండూ దూరంగా ఉండేవి, ఎత్తుగా ఉండేవి. నొక్కినప్పుడల్లా మోచేతులు భుజాలకన్నా పైకి లేవాలి. షిఫ్టుకి నాలుగు వేల మూతలు. అంటే నాలుగు వేలసార్లు, పట్టుబడ్డ దొంగలా చేతులు పైకెత్తాలి.

హాలులో పగటి షిఫ్టులో పనిచేసే ఇరవై రెండు మందిలో ఒక్క మగవాడు లేడు. యంత్రం గీసిన కాగితం మీద మాత్రం ఒక మగవాడు ఉన్నాడు. ఆ బొమ్మకి మొహం లేదు. భుజం నుంచి వేలి చివరిదాకా కొలతలున్నాయి. పొడుగాటి మనిషి. బటన్లు అతనికి సరిగ్గా అందుతాయి.

కొలతలమ్మ కూడా ఒకప్పుడు ఆ హాలు మనిషే. పంతొమ్మిదో ఏట చేరింది. చేర్చింది ఆమె వదిన, అంటే అన్నయ్య భార్య. వదిన అప్పటికే అయిదో నంబరు ప్రెస్సు మీద నాలుగేళ్ళుగా ఉంది. మొదటిరోజే, మేస్త్రీ అటు తిరగ్గానే, వదిన ఒక పాడైన మూతను తీసి, నాలుగు మడతలు పెట్టి, చూపించింది.

"ఇదిగో, ఇది నీ చెల్లెలు."

"చెల్లెలేంటి?"

"చూడు." ఎడమ గుంజ మీది బటన్‌కీ దాని చుట్టూ ఉన్న ఇనుప కడియానికీ మధ్య చిన్న సందు ఉంది. బటన్ నొక్కిపెట్టి, మడత రేకును ఆ సందులోకి దోపింది. బటన్ కిందకే ఉండిపోయింది. "ఇక ఎడంవైపు చెల్లెలు పట్టుకుంటుంది. కుడివైపు నువ్వు నొక్కు. ఎడమ చేత్తో రేకు పెట్టుకో. మేస్త్రీ వస్తుంటే గోటితో ఒక్క మీటు. చెల్లెలు కిందపడుతుంది. కింద చెత్తలో వెయ్యి రేకుముక్కలున్నాయి, అదెవరిదో ఎవడు చెబుతాడు?"

"చెయ్యి దిమ్మె కింద పడితే?"

"పడకుండా చూసుకో. ఇంటికెళ్ళాక మీ అన్నయ్యకి నేను జవాబు చెప్పుకోలేను."

హాలంతా అలాగే చేసేది. షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి యంత్రంతోపాటు చెల్లెల్ని కూడా అప్పగించి వెళ్ళేవారు. "మా చెల్లెలు కాస్త వదులుగా ఉంది, చూసుకో," అనుకునేవారు. చాలా ఏళ్ళ తరవాత పద్నాలుగో నంబరులో ఒకామె మూడు వేళ్ళు పోగొట్టుకుంది. వారం రోజులు అందరూ రెండు చేతులతో నొక్కారు. ఎనిమిదోరోజు భుజాలు పీక్కుపోయాయి.

ఎనిమిదేళ్ళు చేశాక కొలతలమ్మ కుడి భుజం బిగుసుకుపోయింది. ఆమెను గోదాములోకి మార్చారు. అక్కడ పెట్టెలెత్తే బండికి రెండు పిడులుండేవి. ఒకటి పైకెత్తడానికి, ఒకటి వంచడానికి. రెండూ నల్లవే, రెండూ గుండ్రంవే, పక్కపక్కనే. ఎత్తబోయి వంచి, మూతల పెట్టెలు నేల మీద గుమ్మరించని మనిషి గోదాములో లేడు. ఆమె ఒకరోజు పాత గోనెపట్టా చింపి ఒక పిడికి చుట్టింది. గరుకుది వంచడానికి, నున్నటిది ఎత్తడానికి. ఆ తరవాత పెట్టెలు పడలేదు.

పై అంతస్తులో కొత్త యంత్రాల నమూనాలు గీసే ఇంజనీరు ఒకడుండేవాడు. కుర్రతనం పోని మనిషి. అతను ఆ గోనెపట్టా చూసి, ఎవరు చుట్టారని వాకబు చేశాడు.

"ఎలా తట్టింది నీకు?" అన్నాడు.

"చూస్తూ చెయ్యరు కదండీ ఎవరూ. చేత్తోనే చూస్తారు," అంది.

అతను ఆ మాటను కాగితం మీద రాసుకున్నాడు. నెలరోజుల్లో ఆమెకు టేపు, పెన్సిలు, అట్ట పుస్తకం ఇచ్చాడు. ఆమె పని, పనిచేసేవాళ్ళని చూడడం. ఒక్కటే నియమం: చూసేటప్పుడు సాయం చెయ్యకూడదు. మనిషి తప్పు చేస్తే చెయ్యనివ్వాలి, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో రాసుకోవాలి. "నువ్వు అందిస్తే వాళ్ళ ఇబ్బంది మనకి కనబడదు," అన్నాడు ఇంజనీరు. మొదట్లో ఆమె తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది, వాటంతటవే సాయానికి లేవకుండా.

అలా ఆరేళ్ళు గడిచాయి. తాళం చెవులు, సీలు వేసే పనిముట్లు, తూకం యంత్రం మీది అంకెలు, చాలా మార్పించింది. చిన్నవే. ఒకసారి ఆపే మీటను ఎడమ పక్కకి జరిపించినందుకు హాలు ఆడవాళ్ళు ఆమెకు దువ్వెన కొనిచ్చారు. "ఇన్నాళ్ళూ మా జుట్టు పీక్కునేవాళ్ళం, ఇప్పుడు మిగిలింది దువ్వుకుంటాం, నువ్వూ దువ్వుకో," అన్నారు.

కాని ఆమె మనసంతా ఆ గుంజల మీదే ఉండేది.

ప్రెస్సుల కొత్త నమూనా తయారవుతోందని తెలిసిన రోజు ఆమె ఇంజనీరు గదిలోకి వెళ్ళి నిలబడింది. "బటన్లు కిందకి దింపండి సార్. దగ్గరికి జరపండి. నేను ఇరవై రెండు మందినీ కొలిచి ఇస్తాను."

"కొలతలు చాలవు. పైవాళ్ళు అంకెలు చూసి నమ్మరు," అన్నాడు అతను. "పని ఎలా జరుగుతోందో చూపించాలి. కెమెరా ఇస్తాను. నిజంగా ఎలా చేస్తారో అలా తియ్యి."

నిజంగా ఎలా చేస్తారో అలా. అంటే చెల్లెలితో సహా.

మధ్యాహ్నం విరామంలో ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. ఎవరూ ముందుకి రాలేదు.

"నువ్వు తీసుకుంటావు, పైకి పట్టుకెళ్తావు, మా కొంప ముంచుతావు."

"పేరు రాయను. మిషను నంబరు రాయను. మొహం అసలు తియ్యను. చేతులే. మణికట్టు దాటి ఒక్క అంగుళం కూడా కనబడదు."

"ఒట్టు?"

"ఒట్టు."

వదిన టీ గ్లాసు పక్కన పెట్టి లేచింది. "నా చేతులు తియ్యవే. మొహానికి ఎలాగూ వేషం రాలేదు, ఈ వయసులో చేతులకైనా రానీ." అందరూ నవ్వారు. "ఏం ఆడపడుచా, హీరో ఎవరు?"

"దిమ్మె," అంది కొలతలమ్మ.

"అయితే కౌగిలి సీను వద్దు."

ఆ నవ్వుల్లోనే ఇంకో ముగ్గురు ఒప్పుకున్నారు. తియ్యబోయేముందు వదిన మాత్రం ఒకసారి అడిగింది, నవ్వకుండా. "చెల్లెల్ని తీసేసి చెయ్యనా?"

అన్నయ్య నడుం పడిపోయి రెండేళ్ళుగా ఇంటిపట్టునే ఉన్నాడు. ఆ ఇల్లు నడిచేది ఆ అయిదో నంబరు మీదే. ఆ సంగతి కొలతలమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"తీసేస్తే ఇబ్బంది కనబడదు వదినా," అంది. "ఎందుకు పెట్టుకోవలసి వస్తోందో వాళ్ళకి తెలియాలి. తెలిస్తే మారుస్తారు."

"నువ్వంటే సరే," అంది వదిన.

కెమెరాను దిమ్మె పక్కన బిగించింది. తెర మీద రెండు చేతులు, రెండు గుంజల పైభాగాలు, రేకు. అంతే. మళ్ళీ మళ్ళీ చూసుకుంది. మొహం లేదు, నంబరు లేదు, ఏప్రాన్ అంచు కూడా లేదు. ఇవి ఎవరి చేతులైనా కావచ్చు అనుకుంది.

వదిన ఎడమ బొటనవేలి గోరు నడిమధ్య నిలువునా రెండుగా చీలి ఉండేది. చేరిన కొత్తలో దిమ్మె అంచు తగిలి ఊడిపోయిన గోరు మళ్ళీ వచ్చేటప్పుడు రెండు ముక్కలుగా వచ్చింది. ఆ బొటనవేలు కొలతలమ్మకు చిన్నప్పుడు జడ వేసింది, జ్వరం వస్తే నుదురు తాకి చూసింది. అన్నేళ్ళు చూసీ చూసీ అది ఆమె కంటికి ఆనడం మానేసింది. రోజూ చేతులు చూసి బతికే మనిషి, మొహం లేకపోతే మనిషి కనబడడని నమ్మింది.

*

బుధవారం పొద్దున్న పై అంతస్తులో సమావేశం పెట్టారు. బల్లకి ఆ చివర మేనేజరు, పక్కన హాలు మేస్త్రీ, ఇటు ఇంజనీరు. కొలతలమ్మకి తలుపు దగ్గర కుర్చీ వేశారు. ఇంజనీరు ముందు కాగితాలు చూపించాడు. ఇరవై రెండు మందిలో పంతొమ్మిది మందికి మోచెయ్యి భుజం దాటి లేస్తోంది. గుంజలు జానెడు దింపితే, జానెడు దగ్గరికి జరిపితే, ఎవరికీ లేవదు. మేనేజరు తల ఊపుతూ విన్నాడు. చెడ్డమనిషి కాదు. పద్నాలుగో నంబరు ఆమెకి వేళ్ళు పోయినప్పుడు తన కారులో, తన ఒడిలో ఆమె చెయ్యి పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి. ఆ సీటు మరక పోలేదని చాలాకాలం కారులో వెనక ఎవరినీ ఎక్కించుకోలేదు.

తరవాత తెర మీద చేతులు కదిలాయి. కుడిచెయ్యి పైకి లేచి నొక్కింది. ఎడమచెయ్యి రేకు పెట్టింది. లేచింది, పెట్టింది. లేచింది, పెట్టింది.

"ఆపండి," అన్నాడు మేనేజరు. "వెనక్కి తిప్పండి. ఎడమ బటన్ ఎవరు నొక్కుతున్నారు?"

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "అదే సార్ మేం చెప్పాలనుకున్నది. ఎత్తు వల్ల వాళ్ళు ఒక బటన్‌ని…"

"నొక్కిపెట్టి ఏదో దోపారు."

"అవును సార్. కాని కారణం…"

"కారణం తరవాత. అచ్చులో చెయ్యి ఉండగానే దిమ్మె దిగే వీలుందా, లేదా?"

"ఉంది సార్."

తెర మీద చేతులు ఆగిపోయి ఉన్నాయి, ఎడమచెయ్యి కెమెరాకి బాగా దగ్గరగా. మేస్త్రీ కళ్ళజోడు పైకి తోసుకుని ముందుకి వంగాడు. అతని మొహం విచ్చుకుంది.

"అరె, మన అయిదో నంబరు!" అన్నాడు. "ఈ గోరు చూడండి సార్. ఊడినప్పుడు కట్టు కట్టింది నేనే. గుడ్డ లేకపోతే నా జేబురుమాలు చింపాను."

అతను చాడీగా చెప్పలేదు. తెలిసిన మనిషి ఎక్కడో ఫొటోలో కనబడితే అనేసినట్టు అనేశాడు. అన్నాక ఒక్క క్షణం నవ్వుమొహంతోనే ఉన్నాడు. తరవాత మెల్లగా వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"పేర్లు అడగకూడదని షరతు సార్," అన్నాడు ఇంజనీరు. "ఆ మాట మీదే తీయనిచ్చారు."

"నేను అడగలేదు. విన్నాను." మేనేజరు రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "చూడండి. రక్షణ ఏర్పాటుని పనిచెయ్యకుండా చేస్తే ఆరోజే బయటికి. ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేను. ఆసుపత్రి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని పెట్టాను. నేను చూడనంతవరకూ వేరు. ఇప్పుడు చూశాను."

కొలతలమ్మ లేచి నిలబడింది. హాలంతా ఇంతే సార్ అని నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే వదిన ఒక్కతే కాదు, ఇరవై ఒక్క మంది ఆమె వెనక నడవాలి. ఆ మాట మింగింది.

"నేనూ పెట్టేదాన్ని సార్. ఎనిమిదేళ్ళు."

"అప్పుడు నేను లేనమ్మా," అన్నాడు మేనేజరు, మెత్తగానే. "కూర్చో."

ఆమె కూర్చుంది. కూర్చున్నాక చూసుకుంటే చేతులు తొడల కింద ఉన్నాయి.

మెట్లు దిగుతుంటే ఇంజనీరు వెనకే వచ్చాడు. "నేను మళ్ళీ మాట్లాడతాను. రిపోర్టులో గట్టిగా రాస్తాను."

"రాయండి సార్."

"ఆ గోరు నేను కూడా చూళ్ళేదు. నమ్ము."

"నేను రోజూ చూశాను సార్," అంది.

*

ఆ సాయంత్రం ఆమె అన్నయ్య ఇంటికి వెళ్ళేసరికి వదిన వంటింట్లో గిన్నెలు తోముతోంది. పనిలోంచి తీసేసిన కాగితం అప్పటికే చేతికి ఇచ్చేశారు. అన్నయ్య మంచం మీద నుంచి గోడవంక చూస్తున్నాడు. ముందుగదిలోంచి వంటింట్లోకి నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ వెయ్యడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"వదినా."

"రా, కూర్చో. పీట అక్కడుంది."

"నేను…"

"తెలుసులే. మేస్త్రీ వచ్చి వెళ్ళాడు. గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాడు పెద్దాయన. నేనే మంచినీళ్ళిచ్చి పంపాను." గిన్నె బోర్లించింది. "నువ్వు కావాలని చేశావా ఏమిటి?"

తిడితే బాగుండేది. కొలతలమ్మ తిట్లకి సిద్ధపడి వచ్చింది. దారిలో ఒక్కొక్క తిట్టూ తనే ఊహించుకుంటూ వచ్చింది.

ముందుగదిలోంచి అన్నయ్య అన్నాడు, "ఇంతకీ ఆ గుంజలు దింపుతారటా?"

"రిపోర్టు రాస్తున్నారు అన్నయ్యా."

"ఊ," అన్నాడు.

రిపోర్టు నెల తరవాత వచ్చింది. ముప్పై రెండు పేజీలు. కొలతలన్నీ ఉన్నాయి, గీతలన్నీ ఉన్నాయి. చివర్న పైవాళ్ళ నిర్ణయాలు మూడు వరసలు. గుంజల ఎత్తు, దూరం: కొత్త యంత్రాల పోతలు ఇప్పటికే పోసేశారు కనుక ఈసారికి మార్చడానికి వీలుపడదు, వచ్చే నమూనాలో పరిశీలించవచ్చు. ప్రమాదాలకి కారణం: పనివారి ఉల్లంఘన. చేపట్టిన మార్పు: బటన్‌కీ కడియానికీ మధ్య మూడున్నర మిల్లీమీటర్లుగా ఉన్న సందును తగ్గించి, ఏ వస్తువూ దూరకుండా చెయ్యడం.

ఆ మూడున్నర ఆమె కొలిచి రాసిందే. పుస్తకంలో ఆ అంకె పక్కన ఆమె ఒక చిన్న మడత మూత బొమ్మ కూడా గీసింది. రిపోర్టులో ఆ బొమ్మ కూడా వేశారు, చక్కగా.

కొత్త కడియాలు వచ్చేలోపల ఆమె మళ్ళీ ముక్కాలిపీట పట్టుకుని హాలులోకి వెళ్ళింది. ఉద్యోగం అది. ఆమె గుమ్మంలో కనబడగానే వరస పొడుగునా చిన్న చిన్న చప్పుళ్ళు వినిపించేవి, రేకుముక్కలు నేలమీద పడుతున్నట్టు. ఆమె ఏ యంత్రం పక్కన కూర్చుంటే అక్కడ రెండు చేతులూ బటన్ల మీదికి లేచేవి. పాఠం అప్పజెబుతున్నట్టు నొక్కేవారు. జాతకం ఎలా ఉందని ఎవరూ అడిగేవారు కాదు. మణికట్లదాకా గుడ్డ చేతొడుగులు తొడుక్కోవడం మొదలుపెట్టారు, చేతొడుగులతో రేకు జారుతుందని తెలిసి కూడా. ఆమె కూర్చున్నంతసేపూ ఆ హాలులో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పుస్తకంలో అలాగే రాసింది. ఇంకేం రాస్తుంది?

చేతొడుగుల్లో చేతులన్నీ ఒకేలా ఉన్నాయి. అయినా నడక చూడకుండా, మొహం చూడకుండా, ఎవరు ఎవరో ఆమె చెప్పగలిగింది. ఎడమ చిటికెన వేలు ఎత్తిపెట్టేది తొమ్మిదో నంబరు. నొక్కాక ఒకసారి తట్టేది పదిహేడు. ఇంతకాలం ఇది తెలిసే ఉంది తనకి. తెలిసినట్టు తెలియలేదు.

కడియాలు మారాక చేతొడుగులు పోయాయి. అవసరం లేదు. సందు ఇప్పుడు ఒకటి పాయింటు రెండు మిల్లీమీటర్లు. మడత రేకు దూరదు. ఇప్పుడు నిజంగానే రెండు చేతులతో నొక్కుతున్నారు. నాలుగు వేల మూతల లెక్క మాత్రం మారలేదు. గోడ మీద పలక మీద అలాగే ఉంది.

*

సెలవురోజు పొద్దున్న ఆమె అన్నయ్య ఇంటికి వెళ్ళింది. వారం వారం వెళుతూనే ఉంది. కూర్చునేది, టీ తాగేది, అన్నయ్య మందుల గురించి మాట్లాడేది, వచ్చేసేది. వదిన ఇప్పుడు నాలుగిళ్ళలో బట్టలు ఉతుకుతోంది. ఆడపడుచు వచ్చినప్పుడల్లా ఆమె చేతులు తువ్వాలులో చుట్టుకుని కూర్చునేది, తడి ఆరలేదన్నట్టు. కొలతలమ్మ అడగలేదు. తను చూడకుండా దాస్తోందని ఇద్దరికీ తెలుసు.

ఆరోజు వదిన కిటికీ దగ్గర నేలమీద కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు, దాని మీద ఒక పాత దువ్వెన, చిన్న ఆకురాయి. దువ్వెన పళ్ళు సగం విరిచి వరసగా పేర్చింది. ఆడపడుచును చూసి ఈసారి దాచలేదు.

"రండి రండి, ఆడపడుచు గారొచ్చారు," అంది. "కుర్చీ వెయ్యడానికి లేవలేను, మీరే వేసుకోండి."

ఆ గొంతు విని ఎన్ని నెలలయింది. కొలతలమ్మకి ఒక్కసారి ఒళ్ళు తేలికయింది. వదిన పక్కనే నేలమీద కూర్చుంది.

"ఏంటి వదినా ఇవి?"

"నా స్థానంలో వచ్చిన పిల్లని చూశావా? మన వీధిలోనే ఉంటుంది. పొట్టిది."

"చూశాను."

"చూసే ఉంటావులే. జడ వేసుకోలేకపోతోంది. చెయ్యి లేవడం లేదు. రోజూ పొద్దున్నే ఇక్కడికొచ్చి నా ముందు కూర్చుంటుంది, నేను వేసి పంపుతున్నాను. ఇరవై ఒక్కేళ్ళు దానికి." వదిన ఒక పన్ను తీసి వెలుతురుకి పట్టి చూసింది. చీలిన గోరు మధ్య నిలబెట్టి పట్టుకుంది, అది అందుకే చీలినట్టు. "ఇది లావు. దూరడం లేదట. నిన్న ఇచ్చింది పల్చన. జారిపోతోందట. ఒక్కొక్కటీ అరగదీసి పంపడం, అది సాయంత్రం వచ్చి చెప్పడం, ఇలా ఎన్నాళ్ళు?"

ఆకురాయి పక్కన పెట్టింది.

"కొత్త కడియం సందు ఎంతే?"

కొలతలమ్మ చెయ్యి టేపు మీదికి వెళ్ళింది. టేపు మెడలోనే ఉంది. ఆమెకు టేపు అక్కర్లేదు. ఆ అంకె ఆమె పుస్తకంలో మూడుచోట్ల ఉంది. పద్నాలుగో నంబరు ఆమె గుర్తొచ్చింది. ఇప్పుడు గేటు దగ్గర మిగిలిన రెండు వేళ్ళతో హాజరు చీటీలు పంచుతుంది. ఆ పొట్టిపిల్ల చేతులు గుర్తొచ్చాయి. ఇంకా ఏ గుర్తూ పడని చేతులు. మోచేతులు చెవులదాకా లేస్తాయి. పని చేస్తూ పెదవి కొరుక్కుంటుందో లేదో తెలియదు, మొహం ఎప్పుడూ చూడలేదు.

"నిన్నే," అంది వదిన. "చెవిలో చెప్పు, పోనీ. గోడలు వింటాయనుకుంటే చేత్తో చూపించు. నీకు అలవాటేగా."

నవ్వుతోంది. ఆ నవ్వు కోసమే కొలతలమ్మ ఇన్ని వారాలు వచ్చింది.

"నాకు తెలియదు వదినా."

వదిన ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత తల ఊపింది.

"ఆడపడుచు గారికి తెలియని కొలత కూడా ఉందన్నమాట," అంది. తువ్వాలు అంచులు రెండూ లాగి, పళ్ళూ ఆకురాయీ చేతులూ అన్నీ కలిపి కప్పేసింది. "టీ తాగి వెళ్ళు. మీ అన్నయ్య లేచే ఉన్నాడు, పలకరించు."

టీ తాగింది. అన్నయ్యను పలకరించింది. గుమ్మం దాటి, మెట్టు మీద చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి ఆకురాయి చప్పుడు మళ్ళీ మొదలయింది. గరగరమని, బరువుగా. వదిన లావుపాటి పన్ను పట్టుకుని అరగదీస్తోంది. ఒకటి పాయింటు రెండుకి రావాలంటే ఇంకా చాలాసేపు పడుతుంది.

కొలతలమ్మ ఒక చెప్పు తొడుక్కుని, రెండోది కాలి దగ్గరే ఉంచుకుని, మెట్టు మీద కూర్చుంది. చప్పుడు ఆగింది. వదిన వెలుతురుకి పట్టి చూసుకుంటున్నట్టుంది. మళ్ళీ మొదలయింది.